రంగులబ్బాయి చేసిన పుదీనా పాలు

మా అబ్బాయి పోయాడని తివాచీల షెడ్డుకి కబురు వెళ్ళగానే మగ్గాలన్నీ ఆగిపోయాయట. నేను చూడలేదు. అప్పటికి వాడి తల నా ఒళ్ళోనే ఉంది. మా ఏలూరు వీధుల్లో "రంగులబ్బాయి పోయాడు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. కొందరికి అలా చెప్తే తెలియలేదట. "అదేనండీ, బక్రీద్‌కి ఆకుపచ్చ పాలు చేస్తాడు చూడండి, ఆ అబ్బాయి" అంటే, "అయ్యో, ఆయనా!" అన్నారట. ఉన్ని బేరానికి గణపవరం వైపు వెళ్ళి వానలో తడిసి వచ్చాడు. పదకొండు రోజుల జ్వరం. వాడికి ఇరవై నాలుగేళ్ళు. పోయి ఇప్పటికి అయిదు నెలలు.

నేను చదువుకున్నదాన్ని కాదు. మా అమ్మాయి మిషను బడికి వెళ్తూ అక్షరాలు నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. వత్తులు ఇప్పటికీ తప్పుతాయి. బడి పంతులమ్మగారు ఇచ్చే ఆడవాళ్ళ మాసపత్రికలో పండుగ వంటలు వ్రాస్తారు కదా, అవి చదివి మా అమ్మాయి, "అమ్మా, అన్నయ్య పాల సంగతి నువ్వు వ్రాయి. నువ్వు వ్రాయకపోతే ఇంకెవరు వ్రాస్తారు?" అంది. సరే, ఎన్ని పాలు, ఎంత పంచదార, ఎన్ని ఆకులు అని వ్రాద్దామని పలక తీసుకుని కూర్చున్నాను. పాల గురించి వ్రాయబోతే వాడే వస్తున్నాడు. వంట కోసం చదివేవారు ఏమీ అనుకోకండి. వంట కూడా చెప్తాను, మధ్యలో ఎక్కడో వస్తుంది.

మా ఆయన తివాచీలు నేస్తారు. మా వాడు మగ్గం మీద కూర్చునేవాడు కాదు, ఉన్నికి రంగులు వేసేవాడు. చిన్నప్పటి నుంచీ వాడికి రంగు బానలంటే ఇష్టం. నీలి బానలోంచి ఉన్ని పైకి తీసినప్పుడు అందులో నీలం కనపడదు. నీరసంగా, పసుపో పచ్చో తెలియకుండా ఉంటుంది. గాలి తగిలాక మెల్లగా తేరుకుని నీలం అవుతుంది. ఆ తేరుకోవడం చూడ్డానికి వాడు భోజనం కూడా మానేసేవాడు. "కాసేపు ఆగమ్మా, ఇది కళ్ళు తెరుస్తోంది" అనేవాడు.

రంగుల లెక్క వాడు కాగితం మీద వ్రాసుకోలేదు. ఏ రంగు వేసినా ఒక మూర ఉన్ని దారం అదే బానలో ముంచి, దానికి ముళ్ళు వేసి, గోడకి మేకు కొట్టి వేలాడదీసేవాడు. ఎన్నిసార్లు ముంచితే అన్ని ముళ్ళు. ఆకుపచ్చకైతే ముందు పసుపులో ముంచిన ముళ్ళు, కాస్త ఎడం వదిలి, నీలిలో ముంచిన ముళ్ళు. ఇంట్లోకి ఎవరొచ్చినా ఆ గోడ చూసి "ఇదేం తోరణమండీ!" అని నవ్వేవారు.

వాడి చేతులు మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించేవి కావు. మోచేతుల దాకా రంగే. నీలం వేసిన వారం నీలం, పచ్చ వేసిన వారం పచ్చ. గోళ్ళ చుట్టూ అన్ని రంగులూ కలిసి నల్లగా ఉండేవి. ఎవరింటికైనా వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. గర్వం అనుకునేవారు. "నా రంగు ఎవరికీ అంటదమ్మా, పటిక పట్టించిన రంగు" అనేవాడు నాతో. ఉన్నికి రంగు నిలవాలంటే పటిక నీళ్ళలో నానబెడతారు. ఆ నీళ్ళలో వాడి చేతులూ నానేవి.

మా అన్నయ్యది తాడేపల్లిగూడెం. ధాన్యం మిల్లులో గుమాస్తాగా చేస్తారు. ఆయన కూతుర్ని మా వాడికి చేసుకోవాలని నాకు చాలా కోరికగా ఉండేది. బక్రీద్ మూడోనాడు అన్నయ్యా, వదినా మా ఇంటికి రావడం అలవాటు. ఒక ఏడాది అలాగే వచ్చారు. ఎండలు మండిపోతున్నాయి. మా వాడు సంబరంగా తనే షర్బత్ కలిపి, గ్లాసు తనే తెచ్చి, "తీసుకోండి అత్తయ్యా" అని మా వదినకి ఇచ్చాడు. ఆ వారం వాడిది పచ్చరంగు. మా వదిన గ్లాసు అందుకోలేదు. "అక్కడ పెట్టు నాన్నా" అంది. చాప మీద పెట్టాడు. వాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. ఈగ కూడా పడింది.

మా వదిన చెడ్డమనిషి కాదు. వెళ్ళేటప్పుడు వంటింట్లో నాతో చెప్పింది.

"వదినా, రంగుల్లో తుత్తం కలుపుతారటగా. తుత్తం విషం కదా. నాకు భయమేసింది, నువ్వేం అనుకోకు."

"తుత్తం వాడే రంగులు మా వాడు వెయ్యడు వదినా."

"వెయ్యడేమో. నలుగురికీ తెలియదుగా. పిల్లనిచ్చేటప్పుడు నలుగురూ చూస్తారు. అబ్బాయి బంగారమే. ఆ చేతులే..."

వాళ్ళు వెళ్ళాక నేను ఒక మాట అన్నాను. ఇది వ్రాయకూడదనుకున్నాను. వ్రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది. "వచ్చే పండక్కి గ్లాసులు చెల్లెలు అందిస్తుందిలే నాన్నా. నువ్వు లోపల కలిపి ఇద్దువుగాని" అన్నాను. నాకు వాడి చేతులంటే అసహ్యం లేదండీ. ఆ చేతులతో వాడు తినిపిస్తే తిన్నాను. నాకున్నది నలుగురి భయం. వాడు నా మొహం కాసేపు చూసి, "సరేనమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

మరుసటి ఏడు పండుగకి ఇంకా నాలుగు రోజులుందనగా నూతి దగ్గర ఏదో చప్పుడైతే వెళ్ళాను. మా వాడు ఇటిక పొడితో చేతులు తోముకుంటున్నాడు. పక్కన నిమ్మచెక్కలు, బూడిద, కొబ్బరిపీచు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఎర్ర పక్కన పచ్చ అలాగే ఉంది. నేను ఇటిక పొడి లాగి పారేశాను. నాకు ఏడుపొచ్చింది. వాడు నవ్వాడు.

"చేతులు మార్చడం నా వల్ల కావడం లేదమ్మా" అన్నాడు. "పాలు మారుద్దాం."

"పాలేంట్రా?"

"పాలు కూడా పచ్చగా చేసేద్దాం. అప్పుడు నా చేతులేవో, గ్లాసేదో ఎవరికి తెలుస్తుంది?"

బక్రీద్‌కి మా ఇంట్లో పుదీనా గంపతో ఉంటుంది. మాంసం వంటకి వేయగా మిగిలింది వాడిపోతుంది. ఆ మిగిలేదాన్నే వాడు పట్టుకున్నాడు. మాంసం తిన్నాక కడుపు చల్లబడుతుంది, పిల్లలకి పండగలా ఉంటుంది అని మమ్మల్ని కూడా ఒప్పించాడు. ముందు పచ్చి ఆకు నూరి, ఆ రసం పాలలో పోశాడు. గంటకల్లా రంగు చచ్చిపోయింది. మా అమ్మాయి తొంగిచూసి, "గేదెల్ని కడిగిన నీళ్ళలా ఉన్నాయి అన్నయ్యా" అంది.

"రంగు నిలవడం లేదు. అంతేగా?" అన్నాడు వాడు. రంగు నిలవకపోతే రంగులవాడు ఏం చేస్తాడు? పటిక వేస్తాడు. నేను చూసేలోపల చిటికెడు పటిక పొడి పాలలో వేసి కవ్వంతో తిప్పాడు. పాలు విరిగిపోయాయి. ముద్దలు ఒకవైపు, పచ్చనీళ్ళు ఒకవైపు. వాడు గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఉన్ని అయితే పట్టుకునేది" అన్నాడు మెల్లగా.

"పోనీ అన్నయ్యా, ఆ ముద్ద పిండి ఆరేస్తే జంపఖానా అవుతుందేమో చూడు" అంది మా అమ్మాయి. అప్పుడు ముగ్గురం నవ్వాం. కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాం. రెండు శేర్ల పాలు పోయినా ఆరోజు ఎవరికీ కోపం రాలేదు.

తరువాత రెండు రోజుల్లో వాడు దారి కనుక్కున్నాడు. వంట కోసం చదివేవారు ఇక్కడ చూడండి. రెండు శేర్ల గేదెపాలు సగానికి కొంచెం పైన మిగిలేదాకా మరిగించి, పంచదార, నాలుగు ఏలకులు వేసి బాగా చల్లారనివ్వాలి. నానబెట్టి తొక్క తీసిన బాదం పప్పు ఒక గుప్పెడు మెత్తగా నూరి కలపాలి. పుదీనా లేత ఆకులు మాత్రమే, రెండు దోసిళ్ళు. మరిగే నీళ్ళలో చిటికెడు వంటసోడా వేసి, ఆకు అందులో ముంచి, రెండు రెప్పపాట్లు ఉంచి, వెంటనే తీసి చల్లటి నీళ్ళలో పడెయ్యాలి. "వేడిలోంచి చల్లటి నీళ్ళలోకి వెంటనే రావాలి. మధ్యలో ఆలోచిస్తే రంగు చస్తుంది" అనేవాడు. ఆ ఆకుని సన్నికల్లు మీద నూరి, మల్లుగుడ్డలో పిండి, ఆ రసం పాలలో పొయ్యాలి. ఆ తరువాత కవ్వం. చేతులు నొప్పిపుట్టి, పైన వేలెడు నురగ లేచేదాకా ఆపకూడదు. ఆఖరున నానిన సబ్జా గింజలు.

చల్లదనానికి వాడు స్టేషనుకి వెళ్ళి ఐసు తెచ్చేవాడు. కొల్లేటి చేపలు గంపల్లో ఐసు పెట్టి కలకత్తా బండికి ఎక్కిస్తారు కదా, అక్కడ ఒక ముక్క అడిగి, ఊకలో పొదిగి, గోనెలో చుట్టి తెచ్చేవాడు.

"చేపల ఐసు పాలలో వేస్తావేంట్రా, చేపా పాలూ కలిస్తే బొల్లి వస్తుంది" అన్నాను.

"లోపల వెయ్యనమ్మా. గిన్నె చుట్టూ పెడతాను. చేపలు బయట, పాలు లోపల. రెంటికీ మాటలుండవు" అన్నాడు.

ఆ పండక్కి మొదటి గ్లాసు వంటింట్లో నాకే ఇచ్చాడు. వాడి చేతుల్లోంచి తీసుకుని తాగాను. లేత చిగురు రంగు. నోట్లో పోసుకుంటే చెరువుగట్టు గాలి తగిలినట్టుంది. వాడి చేతులూ, గ్లాసూ నిజంగానే ఒక రంగులో కలిసిపోయాయి. నా కళ్ళు చూసి "ఎలా ఉందమ్మా?" అని అడగలేదు. "తెలుస్తోందా?" అని అడిగాడు. "తెలియడం లేదురా" అన్నాను.

అయినా నేను వాణ్ణి బయటికి పంపలేదు.

అన్నయ్యా, వదినా వచ్చారు. మా అమ్మాయి పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని పరదా దాటి వెళ్ళింది. మా వదిన పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుని వాసన చూసి, "ఇది తివాచీలకి వేసేది కాదు కదమ్మా?" అంది నవ్వుతూ. మా అన్నయ్య గటగటా తాగేసి మీసం తుడుచుకున్నారు. అప్పుడు మా వదినా తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. పరదా వెనక మా వాడు పీట మీద కూర్చుని, కవ్వం ఒళ్ళో పెట్టుకుని చెవులు రిక్కించాడు. మా అమ్మాయి లోపలికి రాగానే, "ఖాళీ అయిందా?" అని అడిగాడు. అది గ్లాసు వంచి చూపించింది. వాడు తల ఊపాడు. వాడి పండుగ అంతే.

ఆ సాయంత్రం పంతులమ్మగారు వచ్చారు. ఆవిడ క్రైస్తవులు, మా వీధి చివర ఇల్లు. పళ్ళెం వచ్చేదాకా ఆగకుండా, "పాలు చేసినవారెక్కడండీ?" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చేశారు. మా వాడు కంగారుగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరే ఇవ్వండి బాబూ" అన్నారావిడ.

"చేతులు బాగోలేదండీ."

"నావి మాత్రం ఏం బాగున్నాయండీ? ఇదిగో చూడండి" అని రెండు అరచేతులూ చూపించారు. సుద్ద గీతల్లోకి ఇంకిపోయి తెల్లగా ఉన్నాయి. మా వాడి చేతుల్లోంచి గ్లాసు తీసుకుని అక్కడే నిలబడి తాగారు. ఆ రాత్రి వాడు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను అది చూసి కూడా, పై ఏడాది మళ్ళీ పళ్ళెం మా అమ్మాయికే ఇచ్చాను.

మూడు పండుగలు అలా జరిగాయి. ఈ మధ్యలో మా అన్నయ్య కూతుర్ని ఉంగుటూరు సంబంధానికి ఇచ్చేశారు. వాడు పెళ్ళికి వచ్చాడు, వడ్డన దగ్గరికి వెళ్ళకుండా బండ్ల దగ్గర ఎడ్లకి గడ్డి వేస్తూ ఉండిపోయాడు. తిరిగి వచ్చాక పుదీనాకి పెరట్లో, నూతి నీళ్ళు పారేచోట మడి కట్టాడు. "బజారు ఆకు వద్దమ్మా, వాడిపోయి వస్తుంది" అన్నాడు.

జ్వరం తొమ్మిదోరోజున మా వదిన గూడెం నుంచి రైల్లో వచ్చింది. వాడు ఎవర్నీ గుర్తుపట్టడం లేదు అనుకుంటున్నాం. వదిన మంచం పక్కన కూర్చోగానే కళ్ళు తెరిచి, "అత్తయ్యా" అన్నాడు. అంటూనే చేతులు రెండూ దుప్పటి కిందకి లాక్కున్నాడు. వదిన చూసింది. నేనూ చూశాను. ఆవిడ దుప్పటి మీద చెయ్యివేసి, దాని కింద ఉన్న వాడి చేతిని వెతుక్కుని పట్టుకుంది. వాడికి తెలిసిందో లేదో నాకు తెలియదు.

పోయాక వాడికి స్నానం చేయించినవాళ్ళలో పెద్దాయన బయటికి వచ్చి, "అమ్మా, అంతా శుభ్రం చేశామండీ. చేతుల రంగు మాత్రం వదలలేదు" అన్నారు, అదేదో తన తప్పయినట్టు. "ఉండనివ్వండి" అన్నాను. నాలుగేళ్ళ క్రితం అనాల్సిన మాట అది.

షెడ్డులో మగ్గం మీద ఒక పెద్ద తివాచీ సగంలో ఉంది. చుట్టూ అంచు ఆకుపచ్చ. వాడు వేసిన ఉన్ని మూడువైపులకే వచ్చింది. షెడ్డు మేస్త్రి వేరే ఊరి నుంచి రంగులవాణ్ణి పిలిపిస్తానన్నాడు. "ఆ పచ్చ ఇంకొకరికి రాదండీ" అన్నారు మా ఆయన. ఆయన చాలా తక్కువ మాట్లాడతారు. ఇంటికి వచ్చి గోడ దగ్గర నిలబడి ఆ దారాల్ని చూస్తూ ఉండిపోయారు. నేను వెళ్ళి ఆకుపచ్చ దారం మేకు నుంచి తీశాను. మూడు ముళ్ళు, ఎడం, రెండు ముళ్ళు. మూడుసార్లు పసుపు, రెండుసార్లు నీలి. వాడు పక్కన ఉండగా వెయ్యిసార్లు చూశాను. కొంగు బిగించి, పసుపులో ముంచడం అయ్యాక నీలి బానలో చేతులు పెట్టాను. ఉన్ని పైకి తీస్తే ముందు ఏమీ లేదు. గాలి తగిలింది. అది కళ్ళు తెరిచింది. దానితోపాటు నా చేతులూ పచ్చబడ్డాయి.

అది ఈ బక్రీద్‌కి వారం రోజుల ముందు. పండుగ ముందురోజు నూతి దగ్గరికి వెళ్ళాను. ఇటిక పొడి చేతిలోకి తీసుకున్నాను కూడా. తీసుకుని, మళ్ళీ అక్కడే పోసేసి, వాడి మడిలో పుదీనా కోసుకుని లోపలికి వచ్చాను.

ఈ ఏడు పాలు చెయ్యకూడదనే అనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. పాలు కాచాను, ఆకు ముంచాను. ముంచి, వాడు గుర్తొచ్చి, ఒక్క క్షణం ఎక్కువ ఉంచేశాను. కవ్వం మా అమ్మాయి తిప్పింది. వాడి పీట మాత్రం పరదా వెనక ఉన్నచోటే ఉంచాం. ఎవరం కూర్చోలేదు.

మూడోనాడు అన్నయ్యా, వదినా వచ్చారు. మా వదిన ఎప్పుడూ కూర్చునే చాప మీదే కూర్చుంది. మా అమ్మాయి అలవాటుగా పళ్ళెం తీసింది. నేను పళ్ళెంలోంచి ఒక గ్లాసు చేత్తో పట్టుకుని ముందుకు వెళ్ళాను. వదిన గ్లాసు చూడలేదు, నా చేతులు చూసింది.

"ఏంటొదినా ఆ చేతులు?"

"వాడి పచ్చ కలిపాను వదినా. తివాచీ అంచు మిగిలిపోయింది."

ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఈ వయసులో, ఇంత జరిగాక, నాకు ఇంకా ఆ భయమే. "పోనీ, పళ్ళెంలో పెట్టి ఇవ్వనా?" అన్నాను.

"వద్దు" అంది. రెండు చేతులూ చాపింది. గ్లాసుతోపాటు నా వేళ్ళు కూడా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తరువాత తాగింది. నురగ కూడా మిగల్చకుండా తాగింది.

"వాడిది ఇంకా పచ్చగా ఉండేది కదూ?" అంది.

"అవును వదినా. నాకు తీయడం ఆలస్యమైంది."

ఖాళీ గ్లాసు నా చేతికే ఇచ్చింది. వెనక్కి తిరిగితే పరదా దగ్గర మా అమ్మాయి ఖాళీ పళ్ళెం గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. నేను దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళి, ఆ గ్లాసు వాడి పీట మీద పెట్టాను. అడుగున రెండు మూడు సబ్జా గింజలు తప్ప అందులో ఏమీ లేదు.